రువైస్ నుంచి ఖోర్ ఫక్కాన్‌కి, గ్రీకు సారు కారులో

నేను మొదటిసారి ఖోర్ ఫక్కాన్ వెళ్లింది సముద్రం చూడటానికి కాదు, శవాన్ని చూడటానికి. ఇప్పుడు ఆ ఊరి బీచ్ ఫొటోలు చూసి "ఎలా వెళ్లాలి, ఎంతవుతుంది" అని అడిగే కుర్రాళ్లకు దారి చెప్పబోతే ప్రతిసారీ ఆ ఏప్రిల్ శుక్రవారమే ముందు గుర్తొస్తుంది. ఎనభైల మొదట్లో మాట. నా పేరు జిలాని, మాది నెల్లూరు దగ్గర పల్లె. అబుదాబీకి పడమర, ఎడారి చివరన ఉన్న రువైస్‌లో రిఫైనరీ పనులు చేసే ఒక కంపెనీలో స్టోర్ కీపర్‌గా ఉండేవాణ్ణి. గదిలో నా పక్క మంచం రాజన్నది. జగిత్యాల వైపు మనిషి, స్కాఫోల్డింగ్ కట్టేవాడు. వాళ్ల తమ్ముడు లచ్చన్న ఖోర్ ఫక్కాన్ పోర్టులో ఓడల సరుకు దించే పనిలో ఉన్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే దేశంలో ఉన్నారన్న మాటే గానీ, ఒకడు ఈ చివర, ఇంకొకడు ఆ చివర. ఏడాదికి ఒకసారి కలిస్తే గొప్ప.

ఒక గురువారం సాయంత్రం టీ వేళకి పైపుల లోడుతో వచ్చిన ట్రెయిలర్ డ్రైవరు, పెషావర్ పఠాన్ ఒకాయన, రాజన్న ఎవరని అడుగుతూ మా గదికి వచ్చాడు. తలమీద టోపీ తీసి చేతిలో పట్టుకుని, "భాయ్, ఖోర్ ఫక్కాన్ మే తుమ్హారా భాయీ గుజర్ గయా" అని తమ్ముడు పోయిన కబురు చెప్పాడు. అంతకు మించి అతనికేమీ తెలియదు. అటునుంచి వచ్చిన ఇంకో డ్రైవరు దుబాయ్‌లో ఇతనికి చెప్పి, రువైస్‌లో రాజన్నకు అందించమన్నాడట. రాజన్న చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. తాగనూ లేదు, కింద పెట్టనూ లేదు.

గది నిండా జనం చేరారు. తలా ఒక సలహా. ఆఫీసు ఫోన్ నుంచి ఖోర్ ఫక్కాన్‌కి చేశాం గానీ గురువారం సగం పూటే పని కదా, అటు ఎత్తే నాథుడు లేడు. లచ్చన్న ఉండే క్యాంపుకి ఫోనే లేదు. "ఊరికి టెలిగ్రాం కొట్టాల్సిందే, ఆలస్యం చేస్తే పాపం" అని పెద్దవాళ్లు పట్టుబట్టారు. అబుదాబీ పోయే బండి గంటలో బయల్దేరుతుంది, మాటలు చెప్పి పంపితే తెల్లారేసరికి టెలిగ్రాం పోతుంది. రాజన్న అందరి ముఖాలూ చూసి నాతో మెల్లగా అన్నాడు. "భాయ్, నా మరదలు ఏడు నెలల కడుపుతోని ఉన్నది. గా టెలిగ్రాం ముందుగాల ఆమె చేతికే పోతది."

అప్పుడు వచ్చాడు స్టావ్రో సారు. వెల్డింగ్ సూపర్‌వైజరు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, గుబురు మీసం, గ్రీసు దేశంలో ఏదో దీవి ఆయనది. ఎవరు కాస్త తీరిగ్గా కనిపించినా తమ దేశపు పాత జ్ఞానుల మాటలు చెప్పేవాడు. మేం ఆయన్ని చూసి అటు తిరిగి పోయేవాళ్లం, నిజం చెప్పొద్దూ. ఆయన ఊరివాడు కెప్టెన్‌గా ఉన్న ఓడ ఒకటి ఖోర్ ఫక్కాన్ ముందు లంగరేసిందనీ, మర్నాడు తెల్లవారుజామున కారులో అక్కడికే పోతున్నాడనీ తెలిసి నేనే కబురు పెట్టాను. వచ్చి రాజన్న ఎదురుగా మంచం మీద కూర్చున్నాడు. ఓదారుస్తాడనుకుంటే, ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఆయన ఇంగ్లీషులో అడిగాడు, నేను తెలుగులో చెప్పాను. "నువ్వు కళ్లతో చూసింది ఎంత? చెవితో విన్నది ఎంత? నీ భయం దానికి కలిపింది ఎంత?"

"నేనేం చూసిన సార్? నాకేం తెల్వదు," అన్నాడు రాజన్న.

"మంచిది. తెలియనిది తెలియదని ఒప్పుకోవడమే మా పెద్దల దగ్గర మొదటి పాఠం. నీకు తెలిసినంతవరకే టెలిగ్రాం ఇవ్వు. నీకు ఏమీ తెలియదు కాబట్టి, ఇవ్వకు. రేపు చూశాక ఏడువు, చూశాక చెప్పు."

నాకు ఒళ్లు మండింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. పాఠం చెప్పే వేళా ఇది? కానీ రాజన్న తలూపాడు. టెలిగ్రాం లేకుండానే ఆ బండి వెళ్లిపోయింది. కడుపుతో ఉన్న ఆడమనిషికి ఇంకొక్క రోజు నెమ్మది దొరికిందని నాకు నేనే చెప్పుకున్నాను.

శుక్రవారం ఫజర్ నమాజు కాగానే ముగ్గురం సారు కారులో బయల్దేరాం. రువైస్ నుంచి అబుదాబీ దగ్గరికి మూడు గంటల దారి. కుడివైపు ఇసుక, ఎడమవైపు ఉప్పు తేలిన తెల్లటి నేల, మధ్యలో ఒకటే రోడ్డు. ఆ రోజుల్లో ఒంటెలు రోడ్డు మీదికి వచ్చేసేవి, చీకట్లో ఒంటెకి గుద్దుకున్న కార్ల కథలు క్యాంపులో బోలెడు. స్టావ్రో సారేమో యాక్సిలరేటరు మీంచి కాలు తీయడు. ధైర్యమంటే పిరికితనానికీ దుడుకుతనానికీ నడిమధ్య ఉండేదని తమ దేశపు పెద్దాయన ఒకరు చెప్పాడంటూ వివరించాడు. వినడానికి బాగానే ఉంది గానీ ఆయన కారు మాత్రం నడిమధ్యలో లేదు, పూర్తిగా దుడుకుతనం వైపే పోతోంది. నేను వెనక సీట్లో కలిమా చదువుకుంటూ కూర్చున్నాను. రాజన్న ముందు సీట్లో రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని రోడ్డునే చూస్తున్నాడు. ఒక్కసారి మాత్రం నోరు విప్పాడు. "వాడు గోదాట్ల ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదెటోడు భాయ్. నీళ్లల్ల వడి మునుగుడైతే ఉండది. మరి ఏమైనట్టు?"

అబుదాబీ ఊళ్లోకి పోకుండా బయటే పెట్రోలు పోయించుకుని, తొమ్మిదిన్నరకల్లా దుబాయ్ చేరాం. బర్ దుబాయ్‌లో బట్టల కొట్టు మీది గదిలో మా ఊరి మస్తాన్ ఉంటాడు. ఒక గదిలో పదిమంది, వాళ్ల వంట, వాళ్ల బట్టలు, వాళ్ల రేడియోలు. ఏ ఊళ్లో తెలుగువాడికి తుమ్మొచ్చినా ఆ గదికి తెలుస్తుంది. మస్తాన్ మమ్మల్ని చూడగానే, "ఇన్నాలే అన్నా, ఇన్నాం," అని రాజన్న చెయ్యి పట్టుకున్నాడు. క్రేన్ కింద పడ్డాడంట అన్నాడు. పక్క మంచం మీది మనిషి, "కాదు, సముద్రంలో పడ్డాడంట," అన్నాడు. మూలన షేవింగు చేసుకుంటున్నవాడు వెనక్కి తిరిగి, గుండె ఆగిపోయిందని నాకు చెప్పిన మనిషి అబద్ధాలాడేవాడు కాదు, అన్నాడు. నేను ఇవన్నీ స్టావ్రో సారుకి ఇంగ్లీషులో చెబితే ఆయన వేళ్లు మడిచి, "మూడు చావులు. ఒక్క మనిషికి. చూసినవాడు ఎవరు?" అని అడిగాడు. చూసినవాడు ఎవరూ లేడు. అయినా అందరి ముఖాల్లోనూ నమ్మకం ఉంది.

మస్తాన్ పరోటా, టీ తెప్పించాడు. రాజన్న ముట్టలేదు. బయల్దేరేముందు మస్తాన్ కొట్టు తాళం తీయించి, తెల్ల కోరా గుడ్డ కొలిచి చించి, మడిచి నా చేతిలో పెట్టాడు. "అక్కడ ఎదుకులాడాల్సిన పని లేకుండా ఉంటది. సేఠ్‌కి నేను చెప్పుకుంటాలే," అన్నాడు. ఆ గుడ్డ ఎందుకో నాకు తెలుసు, రాజన్నకీ తెలుసు. దాన్ని డిక్కీలో పెడుతుంటే రాజన్న అటు తిరిగి నిలబడ్డాడు.

అప్పట్లో కారు లేనివాళ్లు దుబాయ్ నుంచి షేర్ టాక్సీలో పోయేవాళ్లు. సీట్లన్నీ నిండేదాకా డ్రైవరు కదిలేవాడు కాదు, మనిషికి పాతిక దిర్హాములు అడిగేవాడు, బేరమాడితే తగ్గేవాడు. దారి షార్జా మీదుగా ధైద్, అక్కణ్ణుంచి మసాఫీ. ధైద్ దాటాక ఇసుక ఎర్రబడి, ఉన్నట్టుండి ముందు కొండలు లేస్తాయి. చెట్టూ చేమా లేని, పళ్లు బయటపెట్టిన కొండలు. మసాఫీలో జుమ్మా నమాజుకి ఆగాం. రోడ్డు పక్కన చిన్న మసీదు. దువాకి చేతులెత్తాను గానీ ఏమని అడగాలో తెలియలేదు. లచ్చన్న ఆత్మకు శాంతి అడగాలా, ఆయుష్షు అడగాలా? ఉన్నవాడికి శాంతి అడిగితే పాపం, పోయినవాడికి ఆయుష్షు అడిగితే పిచ్చి. చివరికి, యా అల్లా, అక్కడ ఏది ఉంటే అది తట్టుకునే బలం ఆ మనిషికివ్వు, అన్నాను. గ్రీకు సారు పాఠం నా నమాజులోకి కూడా దూరిందే అని అప్పుడే నాకు నవ్వూ చిరాకూ ఒకేసారి వచ్చాయి.

బయటికి వచ్చేసరికి స్టావ్రో సారు రోడ్డు పక్కన మట్టి కుండలు అమ్మే ముసలాయన దగ్గర ఒక కూజా కొంటున్నాడు. సన్నటి మెడ, బొద్దు పొట్ట. తన దీవిలో అమ్మ నీళ్లు పోసి పెట్టే కూజా అచ్చం ఇలాగే ఉండేదట. దాన్ని పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చి వెనక సీట్లో నా పక్కన పెట్టాడు. కారు కదిలాక మొదలుపెట్టాడు. బానిసగా పుట్టి గురువైన మనిషి ఒకడుండేవాడట వాళ్ల పాతకాలంలో. మన చేతుల్లో ఉన్నవేవో, లేనివేవో విడదీసుకోవాలి, లేనివాటి కోసం కుమిలిపోకూడదు అనేవాడట. కుండను ఇష్టపడితే అది కుండేనని గుర్తుంచుకో, పగిలినప్పుడు బాధ ఉండదు, మనుషులూ అంతే. "చెప్పు, రాజన్నకి చెప్పు," అన్నాడు నాతో.

మన చేతుల్లో ఉన్నవీ లేనివీ అన్నంతవరకు చెప్పాను. కుండ దగ్గరికి వచ్చేసరికి నా నాలుక తిరగలేదు. తమ్ముడి శవం చూడబోతున్నవాడికి తమ్ముడు కుండలాంటివాడని ఎవడు చెబుతాడు? "నీకు ధైర్యం చెప్తున్నాడు రాజన్నా," అన్నాను.

మసాఫీ దాటాక దారి వాగు పక్కనే మెలికలు తిరుగుతూ ఫుజైరా వైపు దిగుతుంది. మూడో మలుపులో కూజా సీటు మీంచి దొర్లింది. నేను పట్టుకునేలోపే తలుపుకి కొట్టుకుని మెడ విరిగి నా ఒళ్లో పడింది. స్టావ్రో సారు కారు పక్కకి ఆపి దిగాడు. ఆ తర్వాత వినాలి ఆయన నోరు! గ్రీకులో కొండల్ని తిట్టాడు, ఇంగ్లీషులో రోడ్డు వేసినవాణ్ణి తిట్టాడు, హిందీలో నన్ను తిట్టాడు. విరిగిన మెడను పొట్టకి అతికించి చూశాడు, మళ్లీ తిట్టాడు. "ఏమంటున్నడు భాయ్?" అని రాజన్న అడిగాడు. ఇక దాచడం ఎందుకని కుండ పాఠం మొత్తం అప్పుడు చెప్పాను. రాజన్న సారునీ కుండనీ మార్చి మార్చి చూశాడు. ముందురోజు సాయంత్రం నుంచి బిగుసుకుని ఉన్న ఆ మూతి ఒక మూల కాస్త సడలింది. "పాపం, సారుకు మంచిగ నచ్చినట్టుంది కుండ," అన్నాడు.

ఫుజైరా నుంచి సముద్రం ఒడ్డునే ఉత్తరానికి అరగంట. మధ్యాహ్నం రెండు దాటుతుండగా కొండ తిరిగి ఖోర్ ఫక్కాన్ కనబడింది. అర్ధచంద్రంలాంటి నీలం నీళ్లు, వాటి మీద వరసగా ఓడలు, కుడివైపు పోర్టు క్రేన్లు. అంత అందంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. అలాంటి చోటికి అలాంటి పనిమీద వచ్చినందుకు ఆ అందం మీదే కోపం వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగితే పనివాళ్ల క్యాంపు కొండ కింద ఉందన్నాడు. వరసగా రేకుల గదులు, మధ్యలో దండేల మీద లుంగీలు. కారు ఆగింది. రాజన్న తలుపు తీయలేదు. నేను దిగి ఆయన వైపు తలుపు తీసి, "రా రాజన్నా," అన్నాను. ఆయన కాలు కింద పెట్టాడు.

మూడో గది ముందు ఒక మనిషి బనియనుతో గొంతుక్కూర్చుని చేప తోముతున్నాడు. తలెత్తాడు. చేప బొచ్చెలో వదిలేసి, పొలుసంటిన చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా! వచ్చినవానే! రెండో కబురు అందిందా?"

లచ్చన్న. నిక్షేపంలా ఉన్నాడు, కాస్త ఒళ్లు కూడా చేశాడు. నా ప్రాణం లేచొచ్చింది. రాజన్న తమ్ముణ్ణి కిందా మీదా చూశాడు.

"ఏ రెండో కబురురా?"

"అదే, మొదటిది ఉత్తదే, నేను మంచిగున్న అని మల్ల దినమే ఇంకో డ్రైవర్‌తోని తోలిన గద! వాడు రాలేదా?" ఎవరో పక్కనుంచి, ఆ డ్రైవరు దారిలో లోడు మారడంతో ఇంకో దిక్కున ఉన్న అల్ ఐన్ పోయాడని చెప్పారు. లచ్చన్న నాలిక కరుచుకున్నాడు. తర్వాత నేల చూపులు చూస్తూ విషయం చెప్పాడు. బుధవారం పొద్దున క్రేన్ మీద రెండు కాకులు జతకట్టడం వాడి కంట పడింది. ఖోర్ ఫక్కాన్‌లో కాకులకి కొదవ లేదు, ఓడలెక్కి మన దేశం నుంచే వచ్చాయంటారు. కాకుల జత చూస్తే గండం. ఆ గండం పోవాలంటే చచ్చిపోయానని అయినవాళ్లకి కబురు పంపాలి, వాళ్లు విని ఏడవాలి, ఆ ఏడుపుతో కీడు కొట్టుకుపోతుంది, తర్వాత నిజం చెప్పాలి. మా నెల్లూరు వైపు కూడా ఈ మాట ఉంది. మా పక్కింటి పెద్దమ్మ ఒకామె ఇలాగే కబురు పెట్టి, ఏడ్చుకుంటూ వచ్చిన అల్లుడికి కోడి కోసి పెట్టింది. కానీ పక్క ఊరికి పంపే కబురుని ఎడారి అడ్డంగా, ఇద్దరు డ్రైవర్ల చేతులు మార్చి పంపే ఘనుణ్ణి వీణ్ణే చూశాను.

రాజన్న ఒక అడుగు ముందుకేశాడు. కుడిచెయ్యి పైకెత్తాడు. స్టావ్రో సారు మధ్యలోకి వచ్చి, కోపం వద్దు, శాంతం, శాంతం, అన్నాడు.

"సారుకు చెప్పు భాయ్," అన్నాడు రాజన్న, కళ్లు తమ్ముడి మీంచి తిప్పకుండా. "వీడు బతుకుడు సచ్చుడు నా చేతులల్ల లేకుండె. వీణ్ణి కొట్టుడు నా చేతులల్లనే ఉన్నది. సారు చెప్పిందే చేస్తున్న." చెంప ఛెళ్లుమంది. నేను తర్జుమా చేశాను. స్టావ్రో సారు ఒక్క క్షణం ఆలోచించి, పక్కకి తప్పుకున్నాడు.

లచ్చన్న చెంప పట్టుకుని నిలబడ్డాడు. భయంభయంగా అన్న ముఖంలోకి చూసి ఒకటే అడిగాడు. "ఏడ్సినవానే?"

"లేదురా. సూసేదాక ఏడ్వద్దన్నడు సారు."

లచ్చన్న ముఖం పాలిపోయింది. "మరి గండం పోలేదానే? ఈ దేశంల నాకోసం ఏడ్సెటోనివి నువ్వొక్కనివే గద."

రాజన్న గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ముందు నవ్వనుకున్నాను. తమ్ముడి మెడ చుట్టూ చెయ్యి వేసి, వాడి తలని తన భుజానికి అదుముకుని, ఆ మనిషి బావురుమన్నాడు. గురువారం సాయంత్రం నుంచి ఆపుకున్నదంతా ఒక్కసారే వచ్చింది. "ఇగో, ఏడుస్తున్న. సాలారా? సాలా?" అంటూనే ఏడుస్తున్నాడు. గదుల్లోంచి జనం బయటికి వచ్చి చూస్తున్నారు. నేను కళ్లు తుడుచుకుని స్టావ్రో సారు వైపు తిరిగితే ఆయన మీసం తడిసి ఉంది. సంగతంతా విడమరిచి చెప్పాను, ఎగతాళి చేస్తాడేమోనని కాస్త బెరుగ్గానే. ఆయన తలూపాడు. "మా నాయనమ్మ దిష్టి పోవాలని మూడుసార్లు ఉమ్మేది. మా దేశంలోనూ జ్ఞానులొక వైపు, నాయనమ్మలొక వైపు. రెండు వేల ఏళ్లుగా పోట్లాడుతున్నారు. ఇవాళ ఇద్దరూ గెలిచారు," అన్నాడు.

లచ్చన్న వండిన వంజరం చేప పులుసు, అన్నం తిన్నాం. రాజన్న మూడుసార్లు వడ్డించుకున్నాడు. అంత నెమ్మదిగా నేను ఎప్పుడూ అన్నం తినలేదు, ప్రతి ముద్దా ఒంటికి పట్టినట్టుంది. సాయంత్రం స్టావ్రో సారు చిన్న పడవలో తన ఊరివాడి ఓడకి వెళ్లి, పొద్దున్నే ఒక సీసా ఆలివ్ నూనెతో తిరిగొచ్చాడు. శనివారం తిరుగు దారిలో బర్ దుబాయ్‌లో ఆగి మస్తాన్‌కి గుడ్డ తిరిగిచ్చాం, మడత కూడా విప్పలేదు. సంగతి విని వాడు ముందు లచ్చన్నని నాలుగు తిట్టి, తర్వాత గుడ్డని రెండు చేతులా అందుకున్నాడు. "వాపసు తెస్తే సేఠ్ మా మీద అరస్తాడన్నా. తెచ్చినందుకు నేను సంతోషపడింది ఈ ఒక్క గుడ్డకే," అన్నాడు.

ఆ తర్వాత చాలాసార్లు ఆ దారిన వెళ్లాను. ఇప్పుడు కొండల్ని తొలిచి సొరంగాలతో కొత్త రోడ్డు వేశారు, షార్జా నుంచి గంటలో చేరొచ్చు. అయినా వీలుంటే పాత మసాఫీ దారిలోనే వెళ్లండి, కొండలు మెల్లగా చూడాల్సినవి. స్టావ్రో సారు చెప్పిన వాటిలో నాకు మిగిలినవి రెండే. చూడనిదాన్ని చూసినట్టు చెప్పకు. నీ చేతుల్లో లేనిదాన్ని పట్టుకుని వేలాడకు. ఆ ఒక్క టెలిగ్రాం ఆగిపోవడం వల్ల జగిత్యాల దగ్గర ఒక పల్లెలో ఆ రాత్రి ఒక ఆడమనిషి హాయిగా పడుకుంది, రెండు నెలలకి ఆడపిల్లను కంది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె తేలికవుతుంది. అయితే మనకోసం ఏడ్చేవాడు ఒకడున్నాడో లేడో తెలుసుకోవాలన్న ఆశకి ఏ జ్ఞాని దగ్గరా మందు లేదు. లచ్చన్న ఎడారికి అడ్డంగా కబురు తోలింది దానికోసమే అని నాకనిపిస్తుంది.

చివరగా ఒక్క సలహా. ఖోర్ ఫక్కాన్‌కి శుక్రవారం కాకుండా మామూలు రోజు వెళ్లండి, నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి, పోర్టు వైపు క్రేన్ల మీద కాకులు ఉంటాయి, అటు ఎక్కువ చూడకండి. ఒకవేళ చూడకూడనిది చూస్తే, ముందు రెండో కబురు పంపండి, అది చేరిందని తెలిశాకే మొదటిది పంపండి.